ఏడోది

గడిల దూలానికి ఏడు చేపలు యాలాడుతయి.
ఆరు ఎండి చెక్కలైనయి,
గాలికి టకటక కొట్టుకుంటయి.
ఏడోది కొర్రమట్ట.
పదారేండ్ల సంది దాని తోక నుంచి
చుక్క.
చుక్క.
కింద ఇత్తడి బేసిన్.
ముందుగాల మా అవ్వ ఆ నీళ్ళు పారబోసేది,
అవ్వ నడుము వొంగినంక నేను.

నర్సంపేటల ఇంటర్ చదువుత.
ఏడున్నర బస్సుకు ముందే గడి ఊడ్చి పోవాలె.
చీపురు ఎడమ చేతికే అలవాటు,
కుడి చేతికి చూపుడు ఏలు లేదు.
పాము కరిసిందంటది అమ్మ.
కొడవలి తెగిందంటడు నాయిన.
ఇద్దరు కలిసి ఒక్క అబద్ధమన్న ఆడరాదా
అని నవ్వుకునేదాన్ని.
పేరు దొరనే పెట్టిండట: కనక.

నిద్ర రాకుంటే అవ్వ కథ చెప్పేది.
రాజు, కొడుకులు, ఎండని చేప.
మీకు ఎరికే, మీరూ బువ్వ తినుకుంట విన్నరు.
ఆఖరికి తప్పు చీమ మీదికి పోతది,
పోరగాండ్లంత నవ్వుతరు.
అవ్వ నవ్వకపోయేది.
చీమ కాడ ఆగి
నా చెయ్యి దుప్పట్ల దాసేది.

మొన్న అమాస నాడు కరెంటు పోయింది.
ఫోన్ లైటుల చేప కన్ను తిరిగింది, నా దిక్కు.
అడగొద్దనుకుంటనే అడిగిన:
ఎందుకు ఎండలేవే?

అది నోరు తెరిస్తే పాకాల చెరువు వాసన,
మత్తడి దునికే సప్పుడు.
గడ్డిని అడుగు, అన్నది.

గడ్డివాము కట్ట కింద నల్లగ కుళ్ళి
లోపలిదేదో మసులుతున్నది.
ఆవును అడుగుమన్నది.
ఆవు ఎముకలు సర్కారు తుమ్మల నడుమ
నిలబడే ఉన్నయి,
మెడకు గంట, గంటకు నాలుక లేదు.
అయినా మోగింది: ఓదెలు, ఓదెలు.

తూము మీద గొంగడి కప్పుకొని పోరడు.
పన్నెండేండ్లుంటయేమో.
నన్ను చూసి "చెల్లె" అన్నడు.
నాకు అన్న ఉండెనని
ఇంట్ల ఎవ్వరు చెప్పలే.
ఆకలైతున్నదంటే టిఫిన్ డబ్బ ఇచ్చిన,
మెతుకులు గొంతుల నుంచి జారి నేల మీద పడ్డయి.
"ఆనాడు అమ్మ బువ్వ పెట్టలే.
తొట్టెల నువ్వు లేవు, అమ్మ ఎతుకుతుండె.
అడివిల నీ ఏడుపు ఇనొచ్చింది. ఉరికిన. చూసిన.
చూసినోన్ని నీళ్ళల్ల తొక్కిన్రు.
ఊపిరి చేప కాడ పెట్టిన,
ఎండనియ్యకు అని."

మోదుగుల ఎనుక పుట్ట, నా మెడ దాంక ఎత్తు,
చీకట్ల పసుపు పూసినట్టు మెరుస్తున్నది.
ముసలి చీమ ఒక్కతే కాపల.
అవును, కుట్టిన, అన్నది, దాపరికం లేకుంట.
"పేరు పెట్టని పాప ఏలికే
ఈ బంగారం తెరుసుకుంటదని ఎవడో చెప్పిండు.
ఇరవయ్యొక్క దినాలు నిండకముందే
జీపుల తెచ్చిన్రు నిన్ను, ఏడుగురు.
ఏలు నీదే.
పెట్టిన చెయ్యి నీది గాదు."

మరి నన్నెందుకు కుట్టినవ్?

చీమ జర సేపు మాట్లాడలే.
"ఏడిస్తే ఎవరన్న వస్తరనుకున్న.
ఒక్కడే వచ్చిండు."

పుట్టల చెయ్యి పెట్టిన.
ఈసారి నేనే పెట్టిన.
లోపల నా ఏలు నన్ను పట్టుకున్నది,
పదారేండ్లు పెరిగి,
గోరు నిండ మట్టితోని.
అతుక్కునేటప్పుడు నొప్పి లేదు,
చీమలు పాకినట్టు ఉన్నది, గంతే.
ఇంకా అట్లనే ఉన్నది.

గడికి వచ్చేసరికి కోడి కూసింది.
పెద్దదొర పట్టె మంచం మీద,
చుట్టు కొడుకులు, నెత్తులు నెరిసినోళ్ళు.
"బేసిన్ నిండి పారుతున్నది,
యాడ సచ్చినవే కనకా?"
నేనేమనలే.
చెయ్యి లేపి చూపిన,
ఒక్కొక్కన్ని.

ఏడున్నర బస్సు దొరికింది.
కిటికి పక్క సీటు.
చేప ఇంకా తడిగనే ఉన్నది.
గడిల ఎండింది అది గాదు.